అత్తగారి మైనపు కాళ్ళు

"ఆసుపత్రి ఎక్కడికీ పారిపోదు కదే! బస్సు మాత్రం మన కోసం ఆగదు," అన్నాడు భర్త క్లేతో, పెనం పక్కన పెట్టిన పళ్ళెంలోంచి రొయ్యల కట్లెట్ ఒకటి తీసి నోట్లో వేసుకుంటూ.

"ఊఁ," అంది ఎర్మెలిందా.

ఆ ఇంట్లో ఆమె ఊఁ అంటే సరేనని అర్థం. క్లేతో అలాగే అనుకుంటాడు. వాళ్ళమ్మ లుదొవీనా అలాగే అనుకుంటుంది. చాలా ఏళ్ళు ఎర్మెలిందా కూడా అలాగే అనుకుంది. ఈ మధ్యే ఆమెకు తెలిసివచ్చింది, అది సరే కాదు, అలసట అని. కాదనాలంటే నిలబడి చెప్పాలి, ఎందుకో చెప్పాలి, చెప్పిందే మళ్ళీ చెప్పాలి, ఆ తర్వాత వారం రోజులు ఇంట్లో మూతిముడుపులు చూడాలి. ఊఁ అనడానికి నోరు కూడా తెరవక్కర్లేదు. అందుకని ఊఁ అని, కట్లెట్లు తిరగేసి, గుడ్లు ఒలిచి, పులావు గిన్నె మూత మీద బరువు పెట్టింది. వాడలోని వాళ్ళందరికీ ఆ రోజు భోజనం వాళ్ళింటి నుంచే. అలాగని క్లేతో మాటిచ్చాడు. మాట క్లేతోది, వంట ఆమెది.

ఆ రోజు ఆదివారం. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఆమె పెద్దాసుపత్రిలో చేరాలి. మర్నాడు పొద్దున్నే గర్భసంచి తీసేస్తారు. రెండేళ్ళుగా అందులో గడ్డలు. రెండేళ్ళుగా ఆమె లేతరంగు గౌను తొడుక్కోలేదు, మడత పెట్టిన తువ్వాలు లేకుండా ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. మెట్లెక్కితే కళ్ళు బైర్లు కమ్ముతాయి. మొదటిసారి తారీఖు ఇచ్చినప్పుడు అత్తగారికి మోకాళ్ళ ఆపరేషను అడ్డొచ్చింది. "ఇద్దరూ మంచాలెక్కితే ఇల్లెవరు చూస్తారే?" అన్నాడు క్లేతో. అదీ నిజమే కదా అనుకుంది. రెండోసారి మరిది కొత్తిల్లు, ఫాదరొచ్చి దీవించే రోజు. ఇంటి పెద్దకోడలు ఆసుపత్రిలో పడుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, డాక్టరు తారీఖిస్తాడు, ఇంట్లోవాళ్ళు ఇవ్వరు. మూడోసారి ఆ డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "చూడమ్మా, మీ ఒంట్లో రక్తం సగానికొచ్చింది. ఈసారి రాకపోతే ఇక నా దగ్గరికి రాకండి, నేను చూడలేను," అన్నాడు. కోప్పడ్డాడనుకుని మొదట చిన్నబుచ్చుకుంది. బస్సులో ఇంటికొస్తుంటే అర్థమైంది, ఆయన భయపడ్డాడని. తన కోసం ఒక మనిషి భయపడి ఎన్నేళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

సెలవు కూడా దొరికింది. మడగాఁవ్‌లో పరపతి సంఘం కౌంటర్లో ఉద్యోగం ఆమెది. ఆరు వారాల సెలవు చీటీ చూసి మేనేజరు, గదిలో అందరికీ వినబడేటట్టు, "ఏం మేడమ్, ఈ వయసులో మళ్ళీ శుభవార్తా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ఆ చీటీ మీద సంతకం పడదు.

ఇన్నీ కుదిరాక, మొన్న గురువారం క్లేతో భోజనాల దగ్గర, "ఆదివారం వాడ వాళ్ళందరం పాతగోవా గుళ్ళు, ఆ పెద్ద చర్చీలన్నీ, చూసొస్తున్నాం. పెద్దని నేనే. నువ్వు ఆసుపత్రికి ఫోన్ చేసి, ఈస్టరయ్యాక వస్తానని చెప్పెయ్," అన్నాడు.

ఆమె ఊఁ అంది. తర్వాత ఫోను చేతిలోకి తీసుకుంది, పక్కన పెట్టింది, మళ్ళీ తీసుకుంది. రద్దు చెయ్యలేదు. అలాగని సంచీ కూడా సర్దుకోలేదు. మూడు రోజులూ అలా మధ్యలోనే గడిచిపోయాయి. ఏదీ తేల్చుకోకుండా ఉండడం కూడా ఇంత ఒళ్ళు హూనం చేసే పనని ఆమె అనుకోలేదు.

అత్తగారికి మాత్రం అంతా తేలిపోయింది. ఎందుకంటే ఈ ప్రయాణంలో అసలు పని ఆవిడదే. మోకాళ్ళ ఆపరేషనుకు ముందు లుదొవీనా మోంత్ కొండ మీది చర్చిలో అమ్మవారికి మొక్కుకుంది: నా కాళ్ళు మళ్ళీ నడిస్తే, నా కోడలు చెప్పుల్లేకుండా మెట్లెక్కి, మైనపు కాళ్ళు తెచ్చి నీ ముందు పెడుతుంది తల్లీ, అని. మా వాళ్ళ మొక్కుల్లో ఈ వెసులుబాటు ఒకటుంది. మొక్కుకున్న వాళ్ళే తీర్చాలని లేదు, ఇంటి మనిషి ఎవరు తీర్చినా చెల్లుతుంది. ఇంటి మనిషి అంటే ఇంటి ఆడమనిషి. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు గానీ, కోడలి కాళ్ళు అత్త దానం చెయ్యడం గురించి ఎవరూ సామెత చెప్పలేదు. చెప్పే తీరిక కోడళ్ళకు దొరికి ఉండదు.

బస్సులో క్లేతో ముందు సీట్లో కూర్చుని మైకు పట్టుకున్నాడు. మొదట జపమాల, తర్వాత జోకులు, తర్వాత భోజనం గురించి ప్రకటన. "కట్లెట్లు, పులావు, శనగపప్పు మిఠాయి! అంతా మన ఇంటి నుంచే! ఎవరూ మొహమాటపడకండి!" అందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత ఓపికో ఈ క్లేతోకి! ఇంతమందికి భోజనం పెట్టడమంటే మాటలా!" అంది పక్కింటి అక్వెలీనా, వెనక్కి తిరిగి ఎర్మెలిందాతోనే. అక్వెలీనా మంచిదే. ఆమె కూడా పొద్దున్నే లేచి, తన ఇంట్లో అందరికీ టిఫిను చేసిపెట్టే బయలుదేరింది. అయినా ఆ మాట ఆమె నోటికి అలాగే వచ్చింది.

ఎర్మెలిందా ఒళ్ళో తువ్వాలు సర్దుకుని కిటికీకి తలానించింది. పక్కన కూతురు వివెట్, చేతిలో రసాయన శాస్త్రం పుస్తకం. రేపు పన్నెండో తరగతి పరీక్ష. "పరీక్ష ముందు రోజు దాన్నెందుకు తీసుకెళ్ళడం?" అని ఎర్మెలిందా అడిగితే, "దేవుడి దగ్గరకొస్తే మార్కులు తగ్గుతాయా?" అంది వివెట్ షమాయ్ అని పిలిచే నానమ్మ లుదొవీనా.

బొం జెజు గుడి ముందు బస్సాగగానే మగవాళ్ళు కాళ్ళు సాగదీసుకుంటూ దిగారు. ఆడవాళ్ళు నీళ్ళసీసాలు, గొడుగులు, ముసలివాళ్ళ చేతులు పట్టుకుని దిగారు. గుడి బయట మైనపు బొమ్మలమ్మే వాళ్ళ బల్లలు వరసగా ఉన్నాయి. వాటి మీద పసుపుపచ్చ కాళ్ళు, చేతులు, తలలు, కళ్ళు, గుండెలు, చిన్న చిన్న ఇళ్ళు, పడుకున్న పసిబిడ్డలు. ఏ అవయవం బాగుపడాలంటే ఆ అవయవం కొని లోపల పెట్టాలి. ఇల్లు కావాలంటే ఇల్లు, బిడ్డ కావాలంటే బిడ్డ.

"కాళ్ళు రెండూ ఒక జత చూసి తియ్యవే, ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ కాకుండా," అంది లుదొవీనా కర్ర ఊపుతూ. ఆపరేషనయ్యాక ఆవిడకు కర్ర అక్కర్లేదు. అయినా చేతిలో కర్ర ఉంటే జనం దారిస్తారు. "వివెట్‌కి ఒక తల తీసుకో, పరీక్ష కదా. క్లేతోకి గుండె. మొన్న గుండెల్లో మంటన్నాడు."

"అది అరగకపోవడం, మాయ్." అత్తగారిని ఆమె మొదట్నుంచీ అలాగే పిలుస్తుంది, కన్నతల్లిని పిలిచినట్టు.

"ఏదైతేనేం? గుండె దగ్గరే కదా! తీసుకో."

ఎర్మెలిందా కాళ్ళు తీసింది, తల తీసింది, గుండె తీసింది. చేతులు నిండాయి. అమ్మే ఆడమనిషి అవన్నీ కాగితంలో చుడుతూ, "మీకేం వద్దా బాయీ?" అని అడిగింది. బేరం కోసమే అడిగింది. అయినా ఎర్మెలిందా ఆ మాటకు తడబడింది. ఏటా ఇక్కడికొస్తుంది, ఇంట్లో అందరి కాళ్ళూ చేతులూ మోస్తుంది, తన పేరు మీద ఒక వేలు కూడా కొన్న జ్ఞాపకం లేదు.

"గర్భసంచి ఉందా?" అని మెల్లగా అడిగింది.

అమ్మే మనిషి నవ్వింది. "అదెక్కడి బొమ్మ, బాయీ! అచ్చు కూడా లేదు దానికి. అందరూ బిడ్డనే పట్టుకెళ్తారు."

"నాకు బిడ్డ వద్దు."

"మరైతే ఇదిగో, ఇది తీసుకోండి. మొత్తం ఆడమనిషి. తలనుంచి పాదాల దాకా అన్నీ ఉన్నాయి. ఎక్కడ నొప్పయినా చెల్లుతుంది. కాస్త ఖరీదెక్కువ, అంతే."

మూరెడు పొడవున్న మైనపు స్త్రీ. చేతులు పక్కలకు వేలాడేసి, ఏ పనీ లేనట్టు నిలబడి ఉంది. ఎర్మెలిందా చెయ్యి చాచిందో లేదో, "మొత్తం మనిషెందుకే, దండగ!" అంది లుదొవీనా. "నీకేమయిందనీ? ఈ వయసులో అందరికీ ఉండేవే. నాకు లేవా? మా అమ్మకి లేవా? వాటంతటవే ఆగిపోతాయి. పద, ఎండెక్కుతోంది."

ఎర్మెలిందా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ఆ బొమ్మలాగా చేతులు వేలాడేసి ఎక్కడైనా కాసేపు నిలబడితే బాగుండుననిపించింది, అంతే.

గుడి లోపల చల్లగా ఉంది. ఎత్తున వెండి పెట్టెలో, మా వాళ్ళు సాయిబు అని పిలుచుకునే పునీతుడి దేహం. ఆయన ముందు మోకరించి అందరూ పెదాలు కదుపుతున్నారు. మైనపు తలనూ గుండెనూ అక్కడ పెట్టేసి, ఎర్మెలిందా వెనక బల్ల మీద కూర్చుంది. తన కోసం ఏదైనా అడగాలనుకుంది. అడగడం అలవాటు లేక మాటలు కూడుకోలేదు. క్లేతో గుండె మంట, వివెట్ మార్కులు, మరిది బాకీ, అత్తగారి కాళ్ళు, ఇవైతే నోటికొచ్చేస్తాయి. తన సంగతికి వచ్చేసరికి, స్వామీ, కాస్త కూర్చోనియ్యి, అని మాత్రమే అనగలిగింది. ఆ కాస్తా తీరేలోగా క్లేతో స్తంభం పక్కనుంచి చెయ్యూపుతున్నాడు. నీళ్ళసీసాలున్న సంచీ ఎక్కడ పెట్టిందో చెప్పాలట. సంచీ ఆయన కాళ్ళ దగ్గరే ఉంది.

పెద్ద గుడి చూశారు, కాయెతాన్ గుడి చూశారు, కొండ అంచున ఉన్న జపమాల తల్లి గుడి చూశారు. ప్రతిచోటా ఆమె ముసలివాళ్ళను దించింది, ఎక్కించింది. వేపచెట్టు నీడలో భోజనాలు. వడ్డించడం ఎర్మెలిందా, అక్వెలీనా. మగవాళ్ళు మొదటి వరస, పిల్లలు, పెద్దవాళ్ళు, తర్వాత మిగతా ఆడవాళ్ళు. ఆమె పళ్ళెం పట్టుకునే వేళకి కట్లెట్లు అయిపోయాయి, పులావు గిన్నె అడుగున మాడు మిగిలింది. దాన్నే గరిటెతో గీకి తింది. "నీకు మాడంటే ఇష్టం కదూ?" అన్నాడు క్లేతో ప్రేమగా. నిజంగా ప్రేమగానే. ఇరవై ఏళ్ళుగా ఆమె మాడే తింటోంది కనుక ఆమెకు అదే ఇష్టమని ఆ మనిషి నమ్మాడు. చెడ్డవాడైతే సులువుగా ఉండేదేమో అనుకుంది ఎర్మెలిందా. తాగడు, కొట్టడు, పళ్ళెంలో ఏముందో మాత్రం చూడడు.

ఆఖరుగా మోంత్ కొండ. బస్సు పైదాకా రోడ్డు మీద వెళ్తుంది, కానీ మొక్కు మెట్ల మీంచి. అందుకని మొక్కు తీరేదాకా బస్సు కిందే ఆపించింది లుదొవీనా. క్లేతో నలుగురితో కలిసి సోడా తాగడానికి వెళ్ళాడు. ఎర్మెలిందా చెప్పులు విప్పి, రెండు మైనపు కాళ్ళూ గుండెకు హత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టింది. పుస్తకం మూసి వివెట్ కూడా గొడుగు పట్టుకుని వెంట వచ్చింది.

మార్చి ఎండ. ఎర్రరాయి మెట్లు పెనంలా కాలుతున్నాయి. చేతుల్లో మైనం మెత్తబడి వేళ్ళకు అంటుకుంటోంది. మోకాళ్ళు అత్తవి, మొక్కు అత్తది, కాలేది మాత్రం నా అరికాళ్ళు అనుకుంది. అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వేసరికి లోపల ఏదో జారినట్టయి, వెచ్చగా తొడల మీదికొచ్చింది. ముదురు గోధుమరంగు గౌను కనుక బయటికి తెలియదు. ఇంకాస్త ఎక్కింది. చెట్లు తెల్లబడ్డాయి, ఆకాశం నల్లబడింది. చెయ్యి చాచి గోడ పట్టుకుని, మెట్టు మీద కూలబడిపోయింది.

"మమ్మా! ఏమయింది? మొహం చూడు ఎలా ఉందో!" వివెట్ గొడుగు పారేసి పట్టుకుంది.

"ఏంలేదు. కాసేపుండు. మీ నాన్నకి చెప్పు."

వివెట్ పరుగెత్తుకుంటూ దిగింది. ఎర్మెలిందా గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఇక్కడే పోతే, అనుకుంది, అత్తగారి కాళ్ళు పట్టుకుని పోయిందంటారు. క్లేతో నిజంగానే ఏడుస్తాడు. ఏడ్చి, కర్మకి వచ్చిన వాళ్ళకి కాఫీ ఎవరు పెట్టాలని అడుగుతాడు. అప్పుడెవరు పెడతారు? ఆ ప్రశ్నకి జవాబు ఆమెకు తోచేలోగానే మెట్ల మీద అడుగుల చప్పుడయింది.

వివెట్ ఒక్కతే వచ్చింది. వగరుస్తోంది. "నాన్న కనబడలేదు మమ్మా. ఫోను బస్సులోనే పెట్టి వెళ్ళాడు. షమాయ్‌కి చెప్పాను. నిన్ను నీడలో కూర్చోమంది. మధ్యలో ఆపకూడదట, మొక్కు ఎదురు తిరుగుతుందట. నీకు చేతకాకపోతే నన్నెక్కమంది. నేనూ ఇంటి ఆడపిల్లనే కదా, చెల్లుతుందట." అంటూనే వంగి చెప్పులు విప్పింది.

తెల్లటి చిన్న పాదాలు. కుడికాలు రాతి మీద పెట్టింది. చురుక్కుమని వెనక్కి తీసుకుంది. తల్లి వైపు ఒకసారి చూసి, పెదవి కొరుక్కుని, మళ్ళీ అక్కడే పెట్టింది. ఈసారి తియ్యలేదు.

"కాలుతోందా?" అని అడిగింది ఎర్మెలిందా.

"పర్లేదు."

"పైదాకా వెళ్ళగలవా?"

"ఊఁ," అంది వివెట్.

ఆ ఊఁ విని ఎర్మెలిందా గోడ వదిలి నిటారుగా కూర్చుంది. ఎప్పుడూ నేర్పలేదు ఈ పిల్లకి ఇది. చదువుకో అంది, ఉద్యోగం చెయ్యి అంది, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు అని రోజూ చెప్పింది. చెప్పినవేవీ వినలేదు పిల్ల. పొయ్యి దగ్గర నిలబడి తల్లి అన్న ఆ ఒక్క మాట మాత్రం వినేసి, అచ్చం అదే గొంతుతో అంటోంది. ఇన్నాళ్ళూ తను ఓర్చుకున్నవన్నీ తనతోనే పోతాయనుకుంది. తను భరిస్తే అక్కడితో ఆగిపోతాయనుకుంది. ఇదిగో, కాలే రాతి మీద పాదం పెట్టి నిలబడి ఉంది, తను ఓర్చుకున్నదంతా, పదిహేడేళ్ళ పిల్లయి.

"చెప్పులు వేసుకో," అంది.

"షమాయ్ అంటుంది కదా..."

"వేసుకోమన్నాను."

ఆ గొంతు వివెట్ ఎప్పుడూ వినలేదు. గబగబా చెప్పులు వేసుకుంది. ఎర్మెలిందా కూతురి భుజం పట్టుకుని లేచి, మైనపు కాళ్ళు చంకలో పెట్టుకుని, ఎక్కిన మెట్లన్నీ దిగింది. దిగడం ఎక్కడం కన్నా కష్టంగా ఉంది. మధ్యమధ్య ఆగుతూనే దిగింది.

లుదొవీనా బస్సులో కిటికీ పక్కన విసనకర్రతో విసురుకుంటోంది. క్లేతో సోడా తాగి అప్పుడే వచ్చి ఎక్కాడు. ఎర్మెలిందా నడవా వెంట వచ్చి, మెత్తబడి కాస్త వంగిపోయిన ఆ రెండు కాళ్ళనూ అత్తగారి ఒళ్ళో పెట్టింది.

"మాయ్, ఇవిగో మీ కాళ్ళు."

"ఇదేమిటే! పైన పెట్టలేదూ?"

"సగం దాకా వచ్చాయి. మిగతా సగం మీరెక్కండి. కొత్త మోకాళ్ళేగా, రోజూ నడవమన్నాడుగా డాక్టరు."

అక్వెలీనా ఒలుస్తున్న నారింజపండు అలాగే పట్టుకుంది. క్లేతో మొహం కందిపోయింది. "అందరి ముందూ ఏమిటే ఇది! అమ్మతో మాట్లాడే తీరేనా?" అన్నాడు పళ్ళ బిగువున.

లుదొవీనాకి కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువైంది. "మొక్కు మధ్యలో వదిలేస్తావా? అమ్మవారితో ఆటలా? నేను మా అత్త మొక్కుకి ఈ కొండే ఎక్కానే, జడివానలో, ఏడో నెల కడుపుతో! కాలు జారి రెండుసార్లు పడ్డాను. ఒక్కమాటన్నానా? ఎవరినైనా ఒక్కమాటన్నానా?"

ఎర్మెలిందా ఆవిడ వైపు చూసింది. ముడతల మధ్య ఆ కళ్ళు గర్వంగానే ఉన్నాయి. ఆ గర్వం అడుగున, వానలో జారిపడి, తనంతట తనే లేచి మళ్ళీ ఎక్కిన ఒక చిన్న కోడలు ఉంది.

"అనాల్సింది, మాయ్," అంది.

లుదొవీనా ఒళ్ళో వంగిపోయిన మైనపు కాళ్ళను చూస్తూ, బొటనవేలితో ఒక పాదాన్ని నిమురుతూ ఉండిపోయింది. బస్సు బయలుదేరినా ఆవిడ తలెత్తలేదు. జపమాల మొదలుపెట్టమని ఎవరో అంటే, "మీరు చెప్పండర్రా, నాకు గొంతు బాలేదు," అంది.

తిరుగుదారిలో పెద్దాసుపత్రి దగ్గరికొచ్చేసరికి బాంబోలి సిలువ ఉంటుంది. దాని ముందు ఆగకుండా మా వైపు ఏ బస్సూ పోదు. ఆపమని ఎవరూ డ్రైవర్ని అడగక్కర్లేదు. అందరూ దిగి కొవ్వొత్తులు వెలిగిస్తారు, పూలు పెడతారు, ఎక్కుతారు. ఎర్మెలిందా కూడా అందరితోపాటు దిగింది. కొవ్వొత్తి వెలిగించలేదు. హాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని క్లేతో దగ్గరికి వచ్చింది. డాక్టరు చీటీ ఎప్పుడూ అందులోనే ఉంటుంది.

"నేను ఆసుపత్రికి వెళ్తున్నాను. ఇవాళ చేరమన్నారు కదా."

"ఇప్పుడా? ఫోన్ చేసి వద్దన్నావుగా!"

"అనలేదు."

క్లేతో అటూ ఇటూ చూశాడు. "బట్టలు లేవు, సంచీ లేదు. గిన్నెలన్నీ బస్సులో ఉన్నాయి, ఇంటికెళ్ళి కడగాలి. రాత్రికి అమ్మకి గంజి ఎవరు కాస్తారు? రేపు నాకు డ్యూటీ ఉంది. రేప్పొద్దున తీరిగ్గా మాట్లాడుకుందాం, ఎక్కు." ఆమె కదలకపోయేసరికి గొంతు తగ్గించాడు. "అది కాదే, లోపల నీకేమైనా అయితే?"

మొదటిసారి ఆ మాటలో భయం వినిపించింది. ఇది రెండేళ్ళ కిందట వినిపించి ఉంటే ఎంత బాగుండేది అనుకుంది. ఇప్పుడు దాన్ని ఓదార్చే ఓపిక లేదు.

"ఇంటికొస్తే అవుతుంది," అంది.

వివెట్ తువ్వాలు, నీళ్ళసీసా తెచ్చి చేతికిచ్చింది. "నేను రానా మమ్మా?"

"వద్దు. రేపు పరీక్ష. ఇంటికెళ్ళగానే గదిలోకెళ్ళి తలుపేసుకుని చదువుకో. వంటగదిలోకి అడుగుపెట్టకు. గిన్నెలు కడుగుదామని కూడా వెళ్ళకు, నామీదొట్టు. ఆకలేస్తే మీ నాన్ననడుగు."

ఆ ఆఖరి మాట క్లేతోకి కూడా వినబడింది. డ్రైవరు హారన్ కొట్టాడు. కిటికీలోంచి అక్వెలీనా చెయ్యి గట్టిగా ఊపింది. ఎర్మెలిందా రోడ్డు దాటి, ఆసుపత్రి వైపు వెళ్ళే ఎత్తు మీద మెల్లగా నడిచింది. ఎక్కడ అలిసిపోతే అక్కడ ఆగింది. ఎవరూ తొందరపెట్టలేదు.

వార్డులో నర్సు ఆమె మొహం చూసి ముందు మంచం మీద కూర్చోబెట్టింది. చీటీ చూసింది, పేరు రాసుకుంది, చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

"మీతో ఎవరొచ్చారు?"

"నేనే వచ్చాను."

నర్సు ఒక్క క్షణం ఆమె వైపు చూసి, సరేనంది. ఉతికిన గౌను ఒకటి తెచ్చిచ్చింది. రాత్రికి రక్తం ఎక్కిస్తారనీ, అంతకు ముందే తేలికగా ఏదైనా తినాలనీ చెప్పింది. "ఇంటి నుంచి భోజనం తెచ్చేవాళ్ళు లేరుగా? అయితే ఇక్కడే తినండి. ఇంకాసేపట్లో పంపిస్తారు."

"ఎంతమందికి? ఎవరు వండుతారు?" అని అడిగేసింది ఎర్మెలిందా. అడిగాక తనకే సిగ్గేసింది.

నర్సు దిండు సర్దుతూ నవ్వింది. "ఎవరో ఒకరు వండుతారు లెండి. ఆ గొడవ మీకెందుకమ్మా?"

ఆ మాటకి ఎర్మెలిందాకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తుడుచుకోకుండానే పడుకుంది. రెండు చేతులూ పక్కలకు చాపి వదిలేసింది. నడవాలో గిన్నెల చప్పుడు వినబడుతోంది, దగ్గరవుతోంది. తను లేవక్కర్లేదు. భోజనం వచ్చే వేళకి ఆమె నిద్రపోయింది. పళ్ళెం మీద మూతపెట్టి పక్కన ఉంచారు. ఎవరూ ఆమెను లేపలేదు.